కదిలితేనే కనబడే జీవి

ఈ మధ్య ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. వెళ్లాను. రక్తం తీసేటప్పుడు నరం ఎలా వెతకాలో, రిజిస్టరు ఎందుకు శుభ్రంగా రాయాలో చెప్పి, వాళ్లు కప్పిన శాలువా మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. అసలు చెప్పాలనుకున్నది మాత్రం గొంతులోనే ఉండిపోయింది. అది చెప్పాలంటే నా తప్పు చెప్పాలి. మైకు ముందు అంత ధైర్యం చాలలేదు. కాగితం మీద కాస్త నయం, ఎదురుగా ఎవరి మొహమూ ఉండదు.

అనకాపల్లిలో ఒక ట్రస్టు వాళ్లు నడిపే చిన్న ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ల్యాబు కింద, మెట్ల పక్కన. ఆడవాళ్ల ఓపీ మేడ మీద. పొద్దున్నే పరవాడ వైపు నుంచి కంపెనీ బస్సు వచ్చి ఆగేది. అందులోంచి దిగిన వాళ్లందరికీ రక్తం, మూత్రం పరీక్షలు చేసి డ్యూటీ టైముకి పంపించాలి. ఆ హడావుడి తగ్గేసరికి పదకొండు దాటేది. అప్పుడు మా ఆయా మేడ మీద నుంచి ట్రే పట్టుకుని దిగేది. పొద్దుటి నుంచి ఆడవాళ్ల దగ్గర తీసిన స్లైడ్లన్నీ అందులో ఉండేవి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఒక్కో స్లైడుకీ ఎక్కి దిగమంటే ఎక్కడ అవుతుంది? అందుకని అన్నీ అయ్యాక ఒకేసారి తెచ్చేది. నేనూ ఏమీ అనలేదు. నాకూ అదే వీలుగా ఉండేది.

తెల్లబట్ట అవుతోందని వచ్చే ఆడవాళ్ల స్లైడ్లవి. గాజుపలక మీద ఒక చుక్క ఉప్పునీరు, అందులో దూదిపుల్లతో తీసిన స్రావం, పైన పల్చటి గాజుముక్క. అంతే. ఒక్కోటీ మైక్రోస్కోపు కింద పెట్టి, అటూ ఇటూ జరిపి, చీము కణాలుంటే అవి రాసి, కింద "ఇంకేమీ కనబడలేదు" అని రాసేదాన్ని. ఇరవై ఏళ్లు అలాగే రాశాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు చేసే జబ్బు కాదు కదా అది. చాలామంది మొగుడికి కూడా చెప్పకుండా వచ్చేవారు.

పదేళ్ల కిందట ఒకరోజు ల్యాబు కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్లు ఉంటాయో లేదో. నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డు ఊరు. మొగుడు వేటకి వెళ్తాడు, ఈమె గంపలో చేపలు పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముతుంది. చేతిలో మూడు రిపోర్టులు. మూడూ నేను రాసినవే.

"ఈ రాతలు మీయేనా అమ్మా?" అంది.

"నావే. ఏం?"

"మూడుపాలీ ఏటీ నేదని రాసేరంట. సదివించుకున్నాను. ఏటీ నేకపోతే నాకిలగెందుకవుతాదమ్మా?"

ఏమైనా ఉంటే డాక్టరుగారిని అడగమని చెప్పబోయాను. ఆమె వినలేదు. కిటికీ ఊచలు పట్టుకుని, వెనక ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి చెప్పుకుపోయింది. ఏడాదిన్నర నుంచి దురద. ఆకుపచ్చగా నురుగు నురుగుగా తెల్లబట్ట. మూత్రానికి వెళ్తే మంట. వాసన.

"సేపలమ్ముతాను గదా, ఆ కంపేలే అనుకున్నాను ముందల. రోజుకి నాలుగుపాల్లు సబ్బెట్టి కడుక్కుంతన్నాను. మా అత్త నా కంచం ఏరే పెట్టేసింది. మా తోటికోడలు పక్కన కూకోదు. మందుల షాపులో ఇచ్చిన మాత్రలేసుకుంటే నాలుగు రోజులు బాగుంటాది. మల్లీ మొదలు."

"మరి ఇప్పుడేం చేద్దామని?"

"నర్సింగోములో గర్భసంచి తీసీమన్నారు. అదుంటే ముందుముందు కేన్సరవుతాదంట. సోమవారం రమ్మన్నారు. మా ఇంటాయన సరే అన్నాడు." కాసేపు ఆగింది. "నాకొక్కతే పాపమ్మా. ఇంకోల్లు కావాలని ఉంది. తీసీడానికి ముందల ఒకపాలి అడిగి ఎల్దారని వచ్చేను. ఏటీ నేనప్పుడు ఎందుకు తీత్తారమ్మా?"

అది గురువారం. మేడ మీదకి వెళ్లమన్నాను. నిజం చెప్పాలంటే, కిటికీ దగ్గర నుంచి ఆమెని పంపించేస్తే చాలనిపించింది.

మాకు అప్పుడే కొత్తగా ఒక లేడీ డాక్టరు వచ్చారు. చిన్నపిల్ల, నా కూతురి వయసు. ఆ చేపలావిడ మాట విన్న పది నిమిషాలకి ఆ డాక్టరమ్మ గబగబా మెట్లు దిగి ల్యాబులోకి వచ్చారు.

"మేడం, స్లైడు తీసిన ఎంతసేపటికి చూస్తున్నారు మీరు?"

"ట్రే వచ్చిన వెంటనే చూస్తాను."

"ట్రే ఎప్పుడొస్తుంది?"

గుమ్మం దగ్గర ఆయా తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది. "నాకు ఇరవై ఏళ్ల సర్వీసుందండీ" అన్నాను. అనకూడని మాట అది. ఎవరైనా సర్వీసు లెక్క చెబుతున్నారంటే వేరే జవాబు లేదని అర్థం. మీరూ ఎప్పుడో ఒకప్పుడు అంటారు, అప్పుడు నన్ను తలుచుకోండి.

ఆ అమ్మాయికి కోపం రాలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. "ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి అనుకుంటున్నాను మేడం. అది బతికి ఈదుతుంటేనే మన కంటికి దొరుకుతుంది. చల్లబడితే ఆగిపోతుంది. ఆగిపోతే చీము కణానికీ దానికీ తేడా తెలియదు. మీరు చూసేటప్పటికి అది అక్కడే ఉండి ఉంటుంది, కానీ చచ్చిపోయి."

నాకు తెలియని సంగతి కాదు. చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మ వేసి, కింద ఇదే రాసి ఉంది, వెంటనే చూడాలని. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. ఆ తర్వాత మెట్లు, మోకాళ్లు, కంపెనీ బస్సు, వీటన్నిటి మధ్య "వెంటనే" అనే మాట నెమ్మదిగా "పదకొండు తర్వాత" అయిపోయింది. ఏ రోజున అలా అయిందో నాకే తెలియదు.

"స్లైడు కిందకి రావడం కాదు మేడం, మైక్రోస్కోపే పైకి రావాలి" అంది డాక్టరమ్మ.

కరెంటు బల్బుతో పనిచేసేది కింద అందరికీ కావాలి. బీరువాలో అద్దంతో పనిచేసే పాత మైక్రోస్కోపు ఉంది, నేను ఉద్యోగంలో చేరినప్పటిది. దుమ్ము తుడిచి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కాను. ఉప్పునీటి సీసా ఆయా చేతిలో పెట్టి, గుప్పిట్లో పట్టుకుని వెచ్చగా ఉంచమన్నాను. ఆవిడ దాన్ని చీర కొంగులో చుట్టి పొట్టకి ఆనించుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ నా వెనకే వచ్చింది. మేడ మీద తూర్పు కిటికీ దగ్గర బల్ల వేసి, అద్దం తిప్పి వెలుగుని పట్టాను. తెర వెనక డాక్టరమ్మ శాంపిల్ తీసి నా చేతికిచ్చింది. స్లైడు అరచేతి మీద పెట్టుకుని రెండడుగులు వేసి, బల్ల మీద పెట్టి, కన్ను ఆనించాను.

ముందు మామూలుగానే ఉంది. చీము కణాలు, చర్మం పొరల కణాలు. రోజూ చూసేవే. మెల్లగా జరిపాను. ఒక మూల ఏదో వణికింది. నా చెయ్యి తగిలిందేమో అనుకుని చెయ్యి తీసేశాను. అయినా వణుకుతోంది. ఫోకస్ సరిచేశాను.

ఎలా చెప్పను మీకు? చిన్న జీడిమామిడి పండు ఆకారం. ముందువైపు సన్నటి కొరడాల్లాంటి తోకలు, ఒకదాని వెంట ఒకటి కొట్టుకుంటున్నాయి. ఒక పక్క అంచు మాత్రం గాలికి చీర కుచ్చెళ్లు కదిలినట్టు అలలు అలలుగా పారుతోంది. తిన్నగా పోదు. ఒక కుదుపు, ఒక గిరికీ, మళ్లీ కుదుపు. దారిలో చీము కణాలు అడ్డొస్తే వాటిని తోసుకుంటూ పోతోంది. ఒకటి కాదు. చూస్తున్న కొద్దీ అక్కడొకటి, ఇక్కడొకటి. ఒక చుక్క నీళ్లలో ఎంత సందడి! కన్ను లేదు, నోరు లేదు, మొత్తం ఒళ్లంతా కలిపి ఒక్కటే కణం. దానికి మన మీద పగ లేదు, మనం ఉన్నామని కూడా తెలియదు. వెచ్చగా ఉన్నచోట బతకాలని ఒక్కటే తెలుసు. ఊపిరి బిగబట్టి చూస్తూనే ఉన్నాను. అంత అందంగా కదిలే దాన్ని నా ఉద్యోగంలో అంతవరకూ చూడలేదు. అది ఆ మనిషిని ఏడాదిన్నరగా కాల్చుకు తింటోందని గుర్తొచ్చి, ఆ అందం చూసినందుకు సిగ్గేసింది.

ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. ఇరవై ఏళ్లలో ఇలాంటి స్లైడ్లు ఎన్ని నా చేతుల్లోంచి వెళ్లిపోయి ఉంటాయి?

"ఉన్నాయండీ" అన్నాను డాక్టరమ్మతో.

ఆమె కూడా చూసి నవ్వింది. తెర వెనక నుంచి చీర సర్దుకుంటూ వచ్చిన పేషెంటుని పిలిచింది. "రా, నువ్వూ చూడు."

ముందు ఆమెకి ఏమీ కనబడలేదు. ఒక కన్ను మూయడం చేతకాక రెండూ మూసేస్తోంది. ఆయా వెనక నుంచి చేత్తో ఆమె ఎడమ కన్ను మూసింది. అప్పుడు ఆ చేపలావిడ ఒక్కసారిగా కదలడం మానేసింది.

"ఓలమ్మో!" అంది. "ఇది బతికుంది! రొయ్యపిల్లలాగ ఎలాగ కొట్టుకుంతందో సూడండి!" మళ్లీ చూసింది. మళ్లీ. "ఇదేనా? నా ఒంట్లోదేనా?"

"నీదే" అన్నాను.

"అయితే ఉంది" అంది. తల ఎత్తి మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. "ఉందమ్మా. నాను కంపుదాన్ని కాదు. ఇది." ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. రోగం ఉందని తెలిసి అంత తేలికపడిన మనిషిని మళ్లీ చూడలేదు.

డాక్టరమ్మ ఆమెని కూర్చోబెట్టి చెప్పింది. ఇది మురికి వల్ల వచ్చేది కాదు. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా పోదు, కడిగితే లోపల ఇంకా పుండవుతుంది. ఒకే కంచంలో తింటే రాదు. పక్కన కూర్చుంటే రాదు. కేన్సరు కాదు. గర్భసంచికీ దీనికీ సంబంధం లేదు, అది తీసేసినా ఇది పోదు. ఏడు రోజులు మాత్రలు వేసుకుంటే పోతుంది.

"ఏడు రోజులా?" అంది ఆమె. నమ్మలేదు.

"ఏడే. కానీ మీ ఆయన కూడా వేసుకోవాలి. ఇది ఆడా మగా కలిసినప్పుడు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. నీకు తగ్గినప్పుడల్లా మళ్లీ ఆయన దగ్గర నుంచి వస్తోంది. అందుకే నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలు."

ఆమె మొహంలో అంతసేపూ ఉన్న వెలుగు పోయింది. "మా ఇంటాయన కింద ఉన్నాడు" అంది. "ఇది అలాటిదని సెప్పకండమ్మా. ఎవుడికాడ్నుంచి తెచ్చేవని నన్ను సంపేత్తాడు."

చెప్పకుండా మందు ఎలా ఇస్తాం? ఆయా కిందకి వెళ్లి పిలుచుకొచ్చింది. ఉప్పుగాలికి నల్లబడిన మనిషి, గుమ్మం నిండా ఉన్నాడు. చెప్పులు బయటే విప్పి వచ్చాడు. డాక్టరమ్మ ఏదీ దాచకుండా, మెల్లగా, మొత్తం చెప్పింది. అతను నేల చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక తల ఎత్తాడు.

"ఒక్క మాట సెప్పండి డాట్రుగారూ. ఇది దీనికి ఎవుడికాడ్నుంచి వచ్చింది?"

ఆమె కొంగు కొస నోట్లో కుక్కుకుంది.

"ఏ పరీక్షా అది చెప్పలేదండీ" అంది డాక్టరమ్మ. "మగవాళ్లకి ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. ఒంట్లో ఉన్నట్టే తెలియదు. నెలలు ఉంటుంది, ఒక్కోసారి ఏళ్లు ఉంటుంది. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఎవర్నీ అనడానికి లేదు."

అతను కిటికీ దగ్గరున్న మైక్రోస్కోపు చూశాడు. "అందులో ఉందా అది?" అన్నాడు. చూపించాను. అప్పటికి కొన్ని ఆగిపోయాయి, ఒకటి రెండు ఇంకా కుదుపులు కుదుపులుగా తిరుగుతున్నాయి. ఆ పెద్ద చేతులు వెనక కట్టుకుని, వంగి, చాలాసేపు చూశాడు. లేచేటప్పుడు మొహం వేరేగా ఉంది.

"దీన్నేటీ అనకండి" అన్నాడు పెళ్లాన్ని చూపించి, మేమెవరమూ ఏమీ అనకపోయినా. "రెండేళ్లయింది. గుజరాత్ ఏటకెల్లినప్పుడు... ఒకపాలి... నాకేటీ అవ్వలేదు గదా, ఏటీ అంటలేదనుకున్నాను. నాకాడ్నుంచే."

నేను ఆ ఉద్యోగంలో చూసిన అద్భుతాల్లో గాజుపలక మీద ఈదింది మొదటిదైతే, రెండోది ఇదే. డాక్టరమ్మ అతనికి తప్పించుకునే దారి చేతికి అందించింది. ఎవరూ చెప్పలేరు అంది. నోరు మూసుకుని మాత్రలు పట్టుకుపోతే జన్మలో ఎవరికీ తెలిసేది కాదు. మా అందరి ముందూ, పెళ్లాం ముందూ, అతను ఆ దారి వదిలేశాడు. ఆ ధైర్యం ఎక్కడ నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తప్పు చేసిన మనిషే, కాదనను. నేనూ అదే గదిలో నా తప్పుతో నిలబడి ఉన్నాను, నోరు విప్పలేదు.

ఆమె కొంగు నోట్లోంచి తీసింది. మొగుడి వైపు చూడలేదు.

"ముందల మందేసుకో" అంది. "మిగతాది ఇంటికాడ."

అతనికి ఒకేసారి వేసుకునే మాత్రలు. అక్కడే, డాక్టరమ్మ ముందే మింగాడు. మూడు రోజులు సారా ముట్టొద్దని చెబితే తల ఊపాడు. ఆమెకి ఏడు రోజులవి. ఇద్దరికీ పూర్తిగా తగ్గేవరకూ దూరంగా ఉండమన్నారు. ఇలాంటివి ఒకటి ఉంటే ఇంకోటి కూడా ఉండొచ్చు కాబట్టి ఇద్దరి రక్తమూ నేనే తీసి మిగతా పరీక్షలు చేశాను. అవన్నీ బాగానే వచ్చాయి. సోమవారం వాళ్లు నర్సింగ్‌హోముకి వెళ్లలేదు. మూడు నెలలకి మళ్లీ పరీక్షకి వచ్చినప్పుడు ఆమె గంపని కింది అంతస్తులో బల్ల మీద పెట్టి, మెట్లు రెండేసి ఎక్కి వచ్చింది. ఆరోజు ఆమె స్లైడు అంగుళం అంగుళం వెతికాను. ఈదేది ఏదీ లేదు. ఇంట్లో ఆ మిగతా మాట ఎలా జరిగిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మరుసటి సంవత్సరం కడుపుతో కనిపించింది.

ఇక్కడితో ఆపితే బాగుండును. మైకు ముందు చెప్పే కథ అయితే ఇక్కడే ఆపాలి.

స్లైడు మీద అది మొదటిసారి కనబడిన వారమే నేను పాత రిజిస్టర్లు తీశాను. డాక్టరమ్మ చెప్పలేదు, నేనే తీశాను. చీము కణాలు ఎక్కువగా ఉండి, కింద "ఇంకేమీ కనబడలేదు" అని నా చేత్తో రాసిన పేర్లన్నీ ఒక కాగితం మీదకి ఎక్కించాను. రాస్తుంటే కాగితం చాలలేదు. ఫోన్లు ఉన్నవాళ్లకి ఫోన్లు చేశాం. లేనివాళ్లకి ఆ ఊళ్ల ఆశా కార్యకర్తలతో కబురు పంపాం. కారణం చెప్పకుండా, ఒకసారి పరీక్షకి రమ్మని మాత్రమే. అందరూ రాలేదు. వచ్చినవాళ్లలో అందరికీ లేదు. కొందరికి ఉంది.

వాళ్లలో ఒకావిడ బుచ్చయ్యపేట దగ్గర పల్లె నుంచి వచ్చింది. చెరకు రైతులు. నలభై దాటిన మనిషి, పొలం పనికి గట్టిపడ్డ చేతులు. స్లైడు పెట్టగానే కనబడ్డాయి, గుంపులుగా. డాక్టరమ్మ పాత చీటీలు చూస్తూ తలెత్తి నా వైపు చూసింది. ఆ పేషెంటుకి గర్భసంచి అప్పటికే తీసేశారు. నేను రిపోర్టు రాసిన రెండు నెలలకి.

అప్పుడు నోరు విప్పాను. మొదటిసారి ఊరుకున్నాను, రెండోసారి కూడా ఊరుకుంటే ఇక అద్దంలో మొహం చూసుకోలేననిపించింది. ఆవిడ ముందు స్టూలు వేసుకుని కూర్చుని చెప్పాను. అప్పుడు నీ పరీక్ష చేసింది నేనే. ఆలస్యంగా చూశాను. ఇది ఆరోజూ ఉండే ఉంటుంది. వెంటనే చూసి ఉంటే మాత్రలతో పోయేది.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. తర్వాత, "నాకోపాలి సూపించండి" అంది.

అద్దం తిప్పి వెలుగు సరిచేశాను. వంగి చూసింది. నేను వెనక నిలబడ్డాను. ఆవిడ జడలో తెల్లవెంట్రుకలు చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు చూసిందో!

"ఇంతేనా?" అంది, తల ఎత్తకుండానే.

"ఇంతేనమ్మా."

"ఇంతోటి దానికా!"

ఆ మాట పదేళ్లుగా నాతోనే ఉంది. మాత్రల పొట్లం ఇచ్చాను. ఆవిడ తీసుకుని రవికెలో దోపుకుంది, మొగుడివి వేరేగా కొంగున ముడేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"మా ఊల్లో ఇంకా ఉన్నారు" అంది. "ఇలగే బాధపడతన్నోల్లు. ఆల్లకి ఇంకా కొయ్యలేదు. తీసుకొత్తే ఎంటనే సూత్తారా?"

"వెంటనే చూస్తాను" అన్నాను.

"ఎంటనే అంటే?"

"మీరు మెట్లెక్కేసరికి కిటికీ దగ్గర ఉంటాను."

నన్ను నమ్మడానికి ఆవిడకి ఒక్క కారణం కూడా లేదు. మర్నాడు పొద్దున్న కంపెనీ బస్సు వాళ్లని కాసేపు కూర్చోమని చెప్పి మేడ మీదకి వెళ్లాను. ఉప్పునీటి సీసా ఆయా అప్పటికే పొట్టకి ఆనించుకుని కూర్చుంది. ఎనిమిదిన్నరకి మెట్ల మీద గాజుల చప్పుడైంది. ఆవిడ ముందు నడుస్తోంది. వెనక, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నలుగురు ఎక్కి వస్తున్నారు.